గుడి మైకులోంచి, చర్చి మైకులోంచి ఆ ఒక్క మాట చెప్పండి

గోదారి లంకల్లోనూ సముద్రం ఒడ్డు ఊళ్లలోనూ ఉన్న రామాలయం కమిటీ పెద్దలకు, అర్చక స్వాములకు, చర్చి పాస్టర్లకు, మసీదు పెద్దలకు, మైకు పట్టుకుని ఊరికి నాలుగు మాటలు చెప్పే ప్రతి ఒక్కరికీ నమస్కారం.

ఈ ఉత్తరం కోపంతో రాయడం లేదండి. కోపం ఉండేది, అబద్ధం ఎందుకు, ఏడాదికి పైగా బాగానే ఉండేది. మా ఊరి రామాలయం ముందు నుంచి వెళ్లాల్సి వస్తే చుట్టూ తిరిగి తోటల్లోంచి వెళ్లేదాన్ని. ఇప్పుడు ఆ కోపం లేదు, భయం ఉంది. మళ్లీ జూలై వస్తుంది, మళ్లీ ఎర్రనీరు దిగుతుంది, మళ్లీ ఎవరో ఒక పెద్దాయన మంచి మనసుతోనే మైకు తీసుకుని "మన దేవుడు ఉండగా మనకేం కాదు, ఎవరూ కంగారు పడొద్దు" అంటారు, ఆ మాట విని పడవలో పెట్టిన కాలు వెనక్కి తీసుకునేవాళ్లు మళ్లీ ఉంటారు.

నేను దేవుణ్ణి నమ్మని మనిషిని కాను. చిన్నప్పుడు భీష్మ ఏకాదశికి నాన్న భుజాల మీద కూర్చుని అంతర్వేది రథోత్సవం చూశాను, ఇప్పుడు మా బాబుని తీసుకెళ్తున్నాను. 2020 సెప్టెంబరులో స్వామివారి రథం కాలిపోయిందని తెలిసిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. వరద వచ్చినప్పుడు రేవులో నిలబడి గోదారమ్మకి పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ పెట్టే ఇంట్లో పుట్టాను, ఇప్పటికీ పెడతాను. అందుకే ఎవరో భక్తి లేని మనిషి రాసిన ఉత్తరం అనుకుని పక్కన పడేయొద్దని అడుగుతున్నాను.

మాది గోదారి వశిష్ఠ పాయలో ఉన్న లంక ఊరు. పేరు రాయను, అక్కడున్న వాళ్లంతా మా వాళ్లే. కమిటీ పెద్దాయన్ని నాకు మాటలు వచ్చిన దగ్గర్నుంచి పెదనాన్నగారూ అనే పిలుస్తున్నాను, ఇప్పటికీ అలాగే పిలుస్తాను.

2022 జూలై మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. పెద్ద వరద అంటే ఆగస్టులో అని అలవాటు పడిపోయిన మనకి జూలై రెండో వారంలోనే ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేశారు, అంటే బ్యారేజీ దగ్గర 17 లక్షల క్యూసెక్కులు దాటినట్టు. పైన భద్రాచలం దగ్గర ఇంకా పెరుగుతూనే ఉంది, చివరికి అక్కడ 71 అడుగులు దాటింది, మన దగ్గర 25 లక్షలు దాటింది. మా రేవులోకి ఇంజను పడవలు వచ్చాయి, వీఆర్వో గారు ఇంటింటికీ తిరిగి సామాన్లు సర్దుకోండమ్మా అని చెప్పారు. మా బాబయ్య బియ్యం బస్తా, పాస్‌బుక్కులు, మామ్మ బీపీ మాత్రలు ఒక సంచిలో వేసి పడవలో పెట్టేశాడు కూడా. పిన్ని, పిల్లలు, మామ్మ ఎక్కి కూర్చున్నారు. బాబయ్య గేదెల పలుపులు విప్పడానికి ఇంటికి వెళ్లాడు, వాటిని ముందే గట్టు మీదకి తోలేసిన వాళ్లతో పంపేద్దామని.

అప్పుడు మైకులో వినపడింది. "2020లో 22 లక్షలు వచ్చినా మన ఊళ్లో నీళ్లు అరుగు దాటలేదు. రాముడు మన మధ్య ఉన్నాడు. మగాళ్లం ఊరు వదిలేస్తే గుళ్లో దీపం ఎవరు పెడతారు? ఉన్నవాళ్లం రాత్రికి భజన పెట్టుకుందాం." ఇంచుమించు ఇవే మాటలు. పిన్ని పడవలో కూర్చుని విన్నది, బాబయ్య పాకలో విన్నాడు. తిరిగి వచ్చి పడవ పట్టుకుని నిలబడి, మీరు వెళ్లండి, నేను రేపు వస్తాను అన్నాడట. పిన్ని బతిమాలింది. రాముడు ఉన్నాడులే అన్నాడు.

ఆ రాత్రి నీళ్లు అరుగు దాటాయి, గుమ్మం దాటాయి, కిటికీ దాకా వచ్చాయి. ఉండిపోయిన వాళ్లంతా రెండు మూడు డాబాల మీదకి ఎక్కారు. కరెంటు అప్పటికే లేదు, ఫోన్లు ఒక్కొక్కటీ చచ్చిపోయాయి. మనుషులతో పాటు పాములూ మెరక వెతుక్కుంటాయి, ఇది లంకలో పుట్టిన ఏ పిల్లాడికైనా తెలుసు. బాబయ్య గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. కట్లపాము కరిస్తే పెద్ద నొప్పి ఉండదు, నిద్రలో చాలామందికి తెలియనే తెలియదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి అన్నాడు, తర్వాత కనురెప్పలు పైకి లేవడం లేదన్నాడు, తర్వాత మాట ముద్దగా వచ్చింది. పడవ వచ్చేసరికి పది దాటింది. ఏటిగట్టు చేరకముందే పోయాడు. గట్టు అవతల ఆసుపత్రి ఉంది, అందులో పాము విషానికి ఇంజెక్షన్ ఉంది. ఆయనకి నలభై ఆరేళ్లు.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా రాశానంటే, పెద్దకార్యం రోజు భోజనాల దగ్గర ఒకాయన పిన్నితో అన్న మాట కోసం. "పరీక్షిత్తు మహారాజు అంతటివాడు ఒంటిస్తంభం మేడ కట్టుకుని కూర్చున్నా తప్పించుకోలేకపోయాడమ్మా. పాముతో పోవాలని రాసుంటే గట్టెక్కినా పోయేవాడే." ఓదార్పుకే అన్నాడు. పిన్ని తలూపింది. నేను వడ్డించే గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆ కథ మనందరికీ తెలుసు, మన పెద్దవాళ్లు జాగ్రత్త అనే మాట వచ్చినప్పుడల్లా దాన్నే తీస్తారు. అందుకని ఆ కథని మళ్లీ చదివాను, ఒకసారి కాదు, మా ఊరి రిటైరు మాస్టారి దగ్గర కూర్చుని ఆదిపర్వంలో ఉన్నది ఉన్నట్టు చెప్పించుకున్నాను. అందులో మనం ఎప్పుడూ చెప్పుకోని మనిషి ఒకడున్నాడు. కశ్యపుడని ఒక విషవైద్యుడు. రాజుని పాము కరుస్తుందని విని, నేను బతికిస్తాను అని బయలుదేరి దారిలో ఆ కరవబోయే పాము తక్షకుడికే ఎదురుపడతాడు. తక్షకుడు పరీక్ష పెట్టి ఒక పెద్ద చెట్టుని కాటేసి బూడిద చేస్తే, కశ్యపుడు ఆ బూడిదలోంచి మళ్లీ మొలక లేపి, ఆకు వేయించి, చెట్టుని చెట్టుగా నిలబెడతాడు. అప్పుడు తక్షకుడు ఏం చేశాడో చూడండి. నీకు రాజు ఎంత ఇస్తాడో అంతకన్నా ఎక్కువ నేనిస్తాను, వెనక్కి వెళ్లిపో అన్నాడు. రాత అంత తిరుగులేనిదే అయితే వైద్యుడికి డబ్బిచ్చి తిప్పి పంపాల్సిన అవసరం పాముకి ఎందుకు వచ్చింది?

మాస్టారు ఇక్కడ నన్ను ఆపారు, అది నేను దాచను. కశ్యపుడు డబ్బు చూసి ఊరికే వెళ్లిపోలేదమ్మా, దివ్యదృష్టితో చూసి రాజుకి ఆయువు తీరిపోయిందని తెలుసుకున్నాకే వెళ్లాడు అన్నారు. సరే. మరి మనలో ఎవరికి ఉంది ఆ దృష్టి? డాబా మీద పడుకున్న ఆ పాతికమందిలో ఎవరి ఆయువు ఎంతో కమిటీకి తెలుసా, నాకు తెలుసా? పరీక్షిత్తుకి శాపం పెట్టిన ఋషికుమారుడు ఏడో రోజు అని గడువు చెప్పాడు. మా బాబయ్యకి ఎవరూ గడువు చెప్పలేదు. ఆయనకి వచ్చింది శాపం కాదండి, వరద కబురు. భద్రాచలం దగ్గర పెరిగిన నీళ్లు ధవళేశ్వరం చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది, ఆ ఒక్క రోజు మన చేతిలో పెట్టడానికే వచ్చే కబురు అది. ఆ రోజుని మనం మైకులో మాట్లాడి ఖర్చు పెట్టేశాం.

రాత అనే మాట మీద నాకు పగ లేదు. పిన్ని ఇవాళ లేచి పాలు పితుకుతోందంటే, పిల్లల్ని కాలేజీకి పంపుతోందంటే ఆ మాట పట్టుకునే. రాత్రుళ్లు "నేను చెయ్యి పట్టుకుని లాగి ఉంటే" అని మొదలుపెట్టినప్పుడు మామ్మ "ఊరుకోవే, వాడి రాత" అంటే ఆమెకి కాస్త ఊపిరి ఆడుతుంది. ఆ మాటని ఆమె దగ్గర్నుంచి నేను లాక్కోను, ఎవరూ లాక్కోకూడదు. అది జరిగిపోయినదాన్ని మోయడానికి మన పెద్దవాళ్లు ఇచ్చిన మాట. దాన్ని తీసుకొచ్చి రేపు జరగబోయేదాని ముందు పెడుతున్నాం చూడండి, నా బాధంతా అక్కడ. పోయినవాడి గురించి "రాత" అనొచ్చు. పడవ రేవులో ఉండగా, ఇంకా ఎక్కే వీలు ఉండగా, ఎదురుగా నిలబడ్డ బతికున్న మనిషికి "రాత" అని ఎలా చెప్తాం?

ఏడాది తర్వాత పెదనాన్నగారి ఇంటికి వెళ్లి అడిగాను. ఆయన ఏడ్చారు. ఏడ్చి, "అమ్మా, నేను ఎవరి చేతులైనా కట్టేశానా? వెళ్లేవాళ్లని వెళ్లనిచ్చాం కదా, ఎవరి ఇష్టం వాళ్లది" అన్నారు. పెద్దకార్యం రోజు రాత అన్నాం, ఇప్పుడు ఇష్టం అంటున్నాం. రాతే అయితే బాబయ్య ఇష్టానికి అందులో చోటు లేదు, ఇష్టమే అయితే రాత మీద నెట్టడానికి లేదు. అయితే నేనూ ఇష్టం అనే నమ్ముతాను. దేవుడు మనిషికి ఆలోచన ఇచ్చింది అందుకే అనుకుంటాను. కానీ ఇష్టం అనేది గాల్లోంచి ఊడిపడదు కదండీ, విన్నదాన్ని బట్టి పుడుతుంది.

భగవద్గీత 18వ అధ్యాయంలో, అంతా చెప్పడం అయిపోయాక, కృష్ణుడు అర్జునుడితో "యథేచ్ఛసి తథా కురు" అంటాడు. నీకెలా ఇష్టమైతే అలా చెయ్యి అని. ఆయన భగవంతుడు, గీత గీసి ఇలాగే చెయ్యి అంటే అర్జునుడు కాదనేవాడా? అనలేదు, వదిలేశాడు. అయితే ఆ మాట మొదటి అధ్యాయంలో అనలేదు. పద్దెనిమిది అధ్యాయాలు, అతను అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పి, భయం వేసిన చోట ధైర్యం చెప్పి, ఇదంతా పూర్తిగా ఆలోచించుకో, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాడు. మా మైకులో ఆ రోజు పైన భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులు ఉందో చెప్పలేదు. 2020 కన్నా ఇది ఎక్కువ రావచ్చని వీఆర్వో చెప్పిన మాట చెప్పలేదు. సాయంత్రం ఆరు తర్వాత పడవలు రావని చెప్పలేదు. అవన్నీ చెప్పాక బాబయ్య ఉండిపోయి ఉంటే, అప్పుడు అది ఆయన ఇష్టం అని నేనూ ఒప్పుకునేదాన్ని.

ఇంకొకటి కూడా అంటారు, ముఖ్యంగా మన అంతర్వేది పక్క. ప్రహ్లాదుణ్ణి చూడండి, కొండ మీంచి తోసినా, ఏనుగులతో తొక్కించినా, సముద్రంలో పడేసినా స్వామి కాపాడాడు, మనం నమ్మితే మనల్నీ కాపాడతాడు అని. స్వామి మీద ఆ నమ్మకం నాకూ ఉంది. కానీ ప్రహ్లాదుడు తనంతట తాను కొండెక్కి దూకలేదండి. తోశారు. తప్పించుకునే దారి ఆ పసివాడికి లేదు, అందుకే పిలిచాడు. దారి ఉండి, రేవులో పడవ ఉండి, దాన్ని వద్దనుకుని పిలిస్తే అది వేరే సంగతి.

ఇదే మాట మా మేనత్త ఇంకోలా చెప్పింది. ఆవిడ పెళ్లయ్యాక చర్చికి వెళ్తోంది, మెట్టినిల్లు సముద్రం ఒడ్డున మత్స్యకారుల ఊరు. సాతాను యేసుని దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, నువ్వు దేవుని కుమారుడివైతే దూకు, దూతలు నిన్ను చేతులతో ఎత్తుకుంటారు అన్నాడట. దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదు అన్నాడు. "ఆయనే దూకలేదు, తుఫాను చెప్పాక మావాళ్లు వేటకెళ్తామంటే నేనెందుకు ఒప్పుకోవాలి" అంటుంది అత్త.

అత్త చెప్పిన వాటిలో నన్ను బాగా పట్టుకున్నది పౌలు ఓడ కథ, అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం. పాస్టరు గార్లందరికీ ఇది కంఠతా వచ్చే ఉంటుంది, కానీ తుఫాను రోజుల్లో ఆదివారం ఈ అధ్యాయం ఎందుకు చెప్పరో నాకు తెలియదు. పౌలు ఖైదీగా రోముకి ఓడలో వెళ్తున్నాడు. కాలం మంచిది కాదు, ఇప్పుడు బయలుదేరితే ఓడకీ సరుకుకీ ప్రాణాలకీ నష్టం అని ముందే చెప్పాడు, శతాధిపతి ఆ మాట వినక ఓడ నడిపేవాడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. తుఫాను పట్టుకుంది. రోజుల తరబడి సూర్యుడు లేడు, నక్షత్రాలు లేవు. ఒక రాత్రి దూత వచ్చి, నీతో ఉన్న వాళ్లందరి ప్రాణాలూ దేవుడు నీకిచ్చాడని పౌలుకి మాట ఇచ్చాడు. మొత్తం 276 మంది. దేవుడే మాట ఇచ్చాడు కదా, ఇంకేం కావాలి? కానీ ఆ తర్వాత ఓడవాళ్లు చిన్న పడవ దింపుకుని పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో ఉంటేనే తప్ప మీరు బతకరు అని పౌలే సైనికులకి చెప్పాడు. తెల్లవారబోతుంటే అందరినీ కూర్చోబెట్టి తినండి, బలం కావాలి అన్నాడు. చివరికి ఈత వచ్చినవాళ్లు దూకి, రానివాళ్లు చెక్కలూ పలకలూ పట్టుకుని ఒడ్డు చేరారు. దేవుడు ఇచ్చిన మాటని పౌలు నూటికి నూరుపాళ్లు నమ్మాడు, నమ్మే ఇవన్నీ చేశాడు. ఒడ్డుకి చేర్చింది దేవుడా, ఆ చెక్కముక్కా అని ఆ 276 మందిలో ఎవరూ వాదులాడుకుని ఉండరు. మసీదు పెద్దలకి నేను చెప్పక్కర్లేదు, ముందు ఒంటెని కట్టెయ్యి, తర్వాత అల్లా మీద భారం వెయ్యి అన్న ప్రవక్త మాట వాళ్లే నాకు చెప్పారు.

అసలు మన డెల్టా నిలబడి ఉన్నదే ఈ రెండూ కలిసి. గోదారిని అమ్మా అంటాం, అంటూనే ఏటిగట్టు కట్టుకున్నాం, ఏటా గట్టుకి గండి పడుతుందేమోనని రాత్రుళ్లు లాంతర్లు పట్టుకుని కాపలా తిరిగిన తాతలు మనకున్నారు. 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టిన కాటన్ దొరని అపర భగీరథుడని విగ్రహాలు పెట్టి దండలు వేస్తున్నాం. గుడి హుండీకి తాళం వేస్తాం, రథం కాలాక కెమెరాలు పెట్టాం, అవన్నీ సరైన పనులే. స్వామి సొత్తుకి మనం పడే జాగ్రత్త స్వామి మీద నమ్మకం లేక కాదు కదా. స్వామి భక్తుల ప్రాణాలకి కూడా అంత జాగ్రత్త పడదామనే నేను అడుగుతున్నది.

జాగ్రత్త వల్ల ఏం ఒరుగుతుంది, పోయేవాళ్లు ఎలాగూ పోతారు అనేవాళ్లకి ఒడిశా సంగతి చెప్తాను. 1999 అక్టోబరు 29న అక్కడ సూపర్ సైక్లోన్ వస్తే దాదాపు 10 వేల మంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చింది, అదీ చాలా పెద్దదే, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఈసారి ముందే 10 లక్షలకి దగ్గరగా జనాన్ని షెల్టర్లకి, బడులకి తరలించారు. పోయినవాళ్లు 50 లోపు. మధ్యలో పద్నాలుగేళ్లు. అదే సముద్రం, అదే పూరీ జగన్నాథుడు, అదే భక్తి. ఆ వేలమంది నుదుటి మీద రాత పద్నాలుగేళ్లలో చెరిగిపోయిందా, లేక వాళ్లు లేచి నడిచి వెళ్లారా?

మన దగ్గర 1996 నవంబరు 6 రాత్రి తుఫాను సంగతి నలభై దాటిన వాళ్లందరికీ తెలుసు. వెయ్యిమందికి పైగా పోయారు, వేటకి వెళ్లినవాళ్లు ఎంతమంది తిరిగి రాలేదో భైరవపాలెం వెళ్లి అడిగితే ఇప్పటికీ ఇంటింటికీ ఒక పేరు చెప్తారు. కొబ్బరి చెట్లు లక్షల్లో పడ్డాయి, అమ్మ ఆ రాత్రి మమ్మల్ని మంచం కింద పెట్టి పైన తను పడుకుంది. మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గరే తీరం దాటింది, కార్తీక మాసం మొదలై వారం కూడా కాలేదు. కార్తీకం అంటే మనకి నదీ స్నానాలు, ఆకాశదీపాలు, అరటి దొప్పల్లో దీపాలు. సముద్రానికి అది తుఫాన్ల నెల. అమావాస్యకీ పున్నానికీ ఏ పూజ చేయాలో ముందే మైకులో చెప్పే మీరు, వాయుగుండం ఉన్న రోజు రేవులోకి దిగొద్దు, ఇంటి దగ్గర నూతి నీళ్లతో స్నానం చేసినా స్వామి ఒప్పుకుంటాడు అని చెప్తే జనం వింటారు. కలెక్టరు గారు చెప్తే సగం మంది వింటారు, మీరు చెప్తే మా మామ్మ కూడా వింటుంది.

2018 జూలైలో పశువుల్లంక దగ్గర నాటు పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడితే బడి నుంచి ఇళ్లకి వెళ్తున్న పిల్లలు గౌతమిలో పోయారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర 77 మంది ఎక్కిన బోటు మునిగితే 26 మందే బయటపడ్డారు. ఇవి చూశాక కూడా మొన్న మా రేవులో పడవ ఎక్కుతున్న ఒకావిడకి లైఫ్ జాకెట్ ఇస్తే "జలగండం ఉంటే ఇది ఆపుతుందా, ఉక్క" అని పక్కన పెట్టేసింది. నేను బలవంతం చేయలేదు, కానీ ఒడిలో ఉన్న పాపకైనా వేయండి అన్నాను. పాపకి వేసింది. ఆ పాపకి సరిపోయే చిన్న సైజు ఆ పడవలో లేదు, పెద్దదే చుట్టారు. చందాలతో కల్యాణాలు చేసే మనం రేవుకి పది చిన్న జాకెట్లు కొనివ్వలేమా?

2027లో గోదావరి పుష్కరాలు. 2015 జూలై 14న, మొదటి రోజు ఉదయమే, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది పోయారు. పుణ్యానికి వచ్చినవాళ్లు. పుష్కరం పన్నెండు రోజులు, ఏ రోజు మునిగినా పుష్కర స్నానమే, ఏ రేవులో మునిగినా గోదారే అని మీరు ఇప్పటి నుంచే చెప్పడం మొదలుపెడితే, మొదటి రోజు మొదటి ఘడియలో ఆ ఒక్క ఘాట్‌లోనే మునగాలనే తొందర కొంతైనా తగ్గుతుంది. పోలీసులు బారికేడ్లు కట్టగలరు, ఆ తొందరని తగ్గించడం వాళ్ల వల్ల కాదు, మీ వల్ల అవుతుంది.

లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి గురించి మా ఇంట్లో ఒక కథ చెప్పుకుంటారు, మీ ఇళ్లలోనూ చెప్పుకునే ఉంటారు. ఆవిడ ఎన్నాళ్లో అనుకుని అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఎవరో పెళ్లివాళ్లు ఆకలితో నకనకలాడుతూ, ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారు అని పిల్లలకి చెప్పుకుంటుంటే ఆవిడ చెవిన పడింది. స్వామి దగ్గరికి వెళ్లలేదు. బోయీల్ని వెనక్కి తిప్పమని ఇంటికొచ్చి పొయ్యి వెలిగించారు. ఆ రోజు గుళ్లో దీపం ఎవరు పెట్టారని ఆవిడని ఎవరూ అడగలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన వెంటనే భజన పాటలు ఆపి, బ్యారేజీ దగ్గర ఎంత ఉంది, పైన ఎంత ఉంది, పడవలు ఏ రేవులో ఉన్నాయి, ఎన్నింటిదాకా ఉంటాయి అని మైకులో చదవండి. గంట గంటకీ చదవండి. ఉత్సవ విగ్రహాన్నీ బైబిల్నీ ఖురాన్నీ ముందు పడవలో మీరే పట్టుకుని ఎక్కండి, అప్పుడు గుడి వదిలి వెళ్తున్నామనే బాధ ఎవరికీ ఉండదు. భజన, ఉపవాస ప్రార్థన, నమాజు షెల్టర్లో పెట్టుకుందాం, నేనూ కూర్చుంటాను. పశువులని గట్టు మీదకి తోలడానికి కుర్రాళ్లని ముందురోజే పురమాయించండి, మగాళ్లు ఉండిపోయేది సగం వాటి కోసమే. ఉండిపోతానని ఎవరైనా అంటే తిట్టొద్దు, బెదిరించొద్దు, ఉన్నదంతా చెప్పి, మళ్లీ ఒకసారి అడిగి, పేరు రాసుకుని, ఆ కాగితం గట్టు మీదున్న వాళ్లకివ్వండి, పొద్దున్నే మొదటి పడవ ఎక్కడికి వెళ్లాలో వాళ్లకి తెలుస్తుంది. మా బాబయ్య పేరు ఏ కాగితం మీదా లేదు, అందుకే పడవ ముందు వేరే వైపు వెళ్లింది.

పెదనాన్నగారూ, మీరు ఇది చదువుతారని నాకు తెలుసు, మీ మనవడు చదివి వినిపిస్తాడు. మీ మీద నాకు ఏమీ లేదు. వచ్చే నెల కమిటీ కూర్చుంటుందని అన్నారు కదా, ఆ రోజు నేను వస్తాను. బాబయ్య ఇంటి గోడ మీద 2022 నీటి చార ఇంకా ఉంది, పిన్ని సున్నం వేయనివ్వలేదు. ఆ ఎత్తు టేపుతో కొలుచుకుని వస్తాను. రామాలయం మండపం మొదటి స్తంభం మీద, గంట కట్టిన వైపు, ఆ ఎత్తులో ఒక ఎర్ర గీత గీసి సంవత్సరం రాద్దాం, కింద 2020 గీత కూడా గీద్దాం, మీకు గుర్తున్నంతలో 1986 వరద ఎక్కడిదాకా వచ్చిందో మీరే వేలు పెట్టి చూపించండి. పెయింటు, కుంచె నేనే తెస్తాను.